ఆకు మీద గుడ్లు, మన నోట తీర్పు

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన కొద్ది రోజులకే త్రిపురారం చుట్టుపక్కల నేల రూపు మారిపోతుంది. బీటలు వారిన మడుల్లో నీరు నిలుస్తుంది. చెరువు శిఖంలో జమ్ము లేస్తుంది. తామర, తూటికూర, గుర్రపుడెక్క ఒడ్డు వెంట పరుచుకుంటాయి. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువల్లోకి మొదటిసారి నీరు వదిలినప్పటి నుంచి మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు పల్లెల బతుకు ఈ నీటితోనే ముడిపడింది. నీరున్న చోట పురుగు ఉంటుంది, పురుగున్న చోట గుడ్లు ఉంటాయి. జమ్ము ఆకు మీద నల్లగా మెరిసే పొరలు కనిపిస్తాయి. తామరాకు అడుగున పారదర్శకమైన జిగురు ముద్ద ఉంటుంది. వరి ఆకు కొసన గోధుమరంగు నూగు కప్పుకున్న మచ్చ ఒకటి ఉంటుంది. వాటిని చూడగానే నోట రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి: పురుగు పట్టింది, మందు కొట్టాలి. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఉండాల్సిన వ్యవధి గురించే ఈ అధ్యాయం.

వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో పురుగు గుడ్ల ప్రస్తావన ఎందుకని అడగవచ్చు. మనలో చాలామందికి కొరవడినది తెలివి కాదు, తీర్పును కాసేపు ఆపుకునే నేర్పు. ఆ నేర్పు ఉపదేశం వింటే రాదు. తప్పో ఒప్పో వారంలోగా కళ్లముందు తేలిపోయే పని మీద సాధన చేస్తే వస్తుంది. గుడ్ల గుంపును గుర్తుపట్టడం అలాంటి పని. మీరు ఏమనుకున్నారో ఈ రోజు రాసిపెట్టుకుంటే, అందులోంచి ఏం బయటికి వచ్చిందో కొద్ది రోజుల్లో గుడ్డే చెబుతుంది. మనుషుల విషయంలో మన అంచనా తప్పని తెలియడానికి ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి ఎప్పటికీ తెలియదు. అందుకే సాధన ఇక్కడ మొదలుపెట్టడం మేలు. నేను నిరూపించదలచింది ఒక్కటే: గుర్తుపట్టడమంటే పేరు చెప్పడం కాదు. సరైన ప్రశ్నలను సరైన వరుసలో అడగడం, జవాబు అందేదాకా తీర్పు చెప్పకుండా ఉండడం.

పేరు తెలియకపోయినా

ఈ మాటకు మన తెలుగు నేల మీదే గట్టి సాక్ష్యం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు దగ్గరి బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకుముందు రెండేళ్లపాటు ఆయన ఎక్కువగా పరీక్షించినవి వేరే జాతుల దోమలు, వాటిలో ఏమీ దొరకలేదు. ఆ ఆగస్టులో చేతికి చిక్కిన దోమ జాతి పేరు ఆయనకు తెలియదు. ఆయన వైద్యుడే కానీ పురుగుల శాస్త్రం చదివినవాడు కాడు. అయినా తోచిన పేరొకటి తగిలించి ఊరుకోలేదు. రెక్కల మీద మచ్చలున్నాయని, గుడ్లు రెండు కొసలూ పైకి లేచిన పాతకాలపు పడవల్లా ఉన్నాయని, అలాంటి ఆకారం మరే దోమ గుడ్లలోనూ తాను చూడలేదని వివరంగా రాసిపెట్టాడు. ఆ వ్యాసం అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈనాడు ఆ వర్ణన చదివిన ఎవరైనా అవి అనాఫిలిస్ గుడ్లని చెప్పగలరు. పేరు పొరపాటుగా రాసి ఉంటే ఆ పొరపాటే మిగిలేది. చూసింది చూసినట్లు రాశాడు కాబట్టి పేరు తర్వాత దానంతటదే వచ్చి చేరింది.

పేరు మీద ఆధారపడితే ఎక్కడ చిక్కుకుంటామో మన వ్యవసాయ భాషే చూపిస్తుంది. పేనుబంకను తిని పైరును కాపాడే గుండ్రటి చుక్కల పురుగును అక్షింతల పురుగు అంటాం. వంగ ఆకును గోకి తినే దాని దగ్గరి చుట్టాన్నీ అక్షింతల పురుగనే అంటాం. రెండూ పసుపుపచ్చని గుడ్లనే పెడతాయి, రెండూ వాటిని గుంపుగా నిలువునా నిలబెడతాయి. పేరు ఒకటే, రూపమూ దాదాపు ఒకటే, అయితే ఒకటి మిత్రుడు, మరొకటి శత్రువు. ఇక్కడ పేరు తెలిసినవాడికన్నా, ఆ ఆకు మీద పేనుబంక ఉందా లేదా అని చుట్టూ చూసినవాడే నిజానికి దగ్గరగా ఉంటాడు. పేనుబంక ఉన్న చోట పెట్టిన గుడ్లు దాన్ని తినేవాటివి కావడానికే అవకాశం ఎక్కువ. పేనుబంక లేని వంగ ఆకు మీది గుడ్లను అనుమానించాలి.

తూర్పు ఆసియా దేశాల్లో మరో రకం పొరపాటు జరిగింది. అల్లిక రెక్కల పురుగు ఒక్కో గుడ్డును వెంట్రుకంత సన్నని కాడ మీద నిలబెడుతుంది. కొరియా, చైనాల్లో కొందరు బుద్ధ విగ్రహాల మీద అలాంటి గుడ్లను చూసి, మూడు వేల ఏళ్లకు ఒకసారి పూస్తుందని చెప్పుకునే పవిత్రమైన ఉదుంబర పుష్పమని నమ్మారు. భయంతో చూస్తే ప్రతి గుడ్డూ శత్రువుగా, భక్తితో చూస్తే పువ్వుగా కనిపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ తీర్పు ముందు వచ్చి చూపు తర్వాత వచ్చింది.

చోటు చెప్పే సాక్ష్యం

అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎక్కడ ఉంది అన్నది. తల్లి పురుగు గుడ్డు పెట్టే చోటును అల్లాటప్పాగా ఎంచుకోదు. పుట్టబోయే పిల్లకు తిండో నీరో గాలో దగ్గరగా ఉండేలా చూసుకుంటుంది. కాబట్టి చోటు వాంగ్మూలం లాంటిది. వరిలో మొగి పురుగు, అంటే కాండం తొలిచే పురుగు, ఆకు కొస దగ్గర 15 నుంచి 80 దాకా గుడ్లను ఒకచోట పెట్టి తన పొట్ట చివరి నూగుతో కప్పుతుంది. పిల్ల పురుగులు అక్కడి నుంచి కిందికి చేరి కాండంలో దూరతాయి. పిలక దశలో అయితే మొవ్వు చనిపోతుంది, ఈనిన తర్వాత అయితే తెల్లకంకి వస్తుంది. ఈ ఒక్క చోటు తెలిసినందువల్లే నాటే ముందు నారు కొసలు తుంచే పద్ధతి పుట్టింది. కొసతోపాటు గుడ్లూ పోతాయి, రూపాయి మందు ఖర్చు లేకుండా. గొట్టాల పురుగు ఇంకో రకం. అది నీటిలో తేలే ఆకు అడుగున గుడ్లు పెడుతుంది, దాని పిల్ల ఆకు ముక్కతో గొట్టం చేసుకుని నీటి మీద తేలుతూ బతుకుతుంది. అందుకే పైరు మీద తాడు లాగి గొట్టాలను నీటిలో పడేసి, ఆ నీటిని తీసేయడం దానికి మందు. చోటు తెలిస్తే పరిష్కారం సగం తెలిసినట్టే.

ఇదే ప్రశ్నను చెరువు గట్టు మీద అడిగితే ఆశ్చర్యపరిచే జవాబులు వస్తాయి. నీటి మీదికి వంగిన జమ్ము ఆకుపై పొరలు పొరలుగా పేర్చినట్టు నల్లగా మెరిసే ముద్ద జోరీగది కావచ్చు. దాని పిల్లలకు జమ్ముతో పనిలేదు. గుడ్డు పగిలిన వెంటనే అవి కింద బురదలో పడి అక్కడే పెరుగుతాయి. తామర, కలువ కాడల మీద కుట్టు మిషను వేసిన కుట్లలా సన్నని గాట్లు వరుసగా కనిపిస్తే, రెక్కలు ముడుచుకుని వాలే సన్న తూనీగ తన గుడ్లను కాడ లోపల దాచిందని అనుకోవచ్చు. దాని పిల్ల నీటిలో దోమ పిల్లలను తింటుంది. మాన్సోనియా జాతి దోమ అంతరతామర వంటి తేలే మొక్కల ఆకు అడుగున గుడ్లను గుత్తిగా అతికిస్తుంది. దాని పిల్ల నీటి పైకి రాకుండా మొక్క వేళ్లలోకి గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటుంది. కేరళలోని చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాప్తికి ఈ దోమ కారణమైంది. అక్కడ నీటికి మందు వేయడంకన్నా ఆ మొక్కను తీసేయడం మీద దృష్టి పెట్టింది ఇందుకే. నీటిలో బతికే ఒక పెద్ద నల్లి జాతిలోనైతే ఆడది తన గుడ్లను మగదాని వీపు మీదే అతికిస్తుంది. వీపు నిండా గుడ్లు మోస్తూ ఈదే ఆ పురుగు కూడా దోమ పిల్లలను తినేదే.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆకు మీద గుడ్డు ఉన్నంత మాత్రాన అది ఆకుకు శత్రువు కాదు. నీటి మొక్క చాలా పురుగులకు తిండి కాదు, ఉయ్యాల మాత్రమే. వరి పొలంలో అలవాటైన కళ్లతో చెరువు మొక్కను చూస్తే ఈ తేడా కనిపించదు. అలాగని మొక్కను తినని ప్రతిదీ మనకు మిత్రుడని కాదు. జోరీగ జమ్ముకు హాని చేయదు కానీ పశువుల రక్తం పీలుస్తుంది, సర్రా వ్యాధిని ఒక పశువు నుంచి మరో పశువుకు మోస్తుంది. ఎవరికి మిత్రుడు, ఎవరికి శత్రువు అని విడిగా అడగాలి. జోరీగ ముద్ద అని తేలితే ఆ ఆకును తుంచి పొడి నేల మీద నలిపేస్తే సరిపోతుంది, చెరువంతా విషం చేయనక్కర్లేదు.

పొందిక, కప్పు, జిగురు

రెండో ప్రశ్న, ఎలా పేర్చి ఉన్నాయి, దేనితో కప్పి ఉన్నాయి. నీటి మొక్కల దగ్గర ముందు తేల్చుకోవాల్సింది అసలు అవి పురుగు గుడ్లేనా అని. పారదర్శకమైన జిగురులో లేత చుక్కలు పొదిగినట్టుండి, ఆకు అడుగున వేలెడు ముద్దలా అతుక్కుని ఉంటే అది చాలావరకు నీటి నత్తది. నానబెట్టిన సబ్జా గింజల్లా నల్లటి నడిమి చుక్కలతో కనిపిస్తే కప్ప గుడ్లు కావచ్చు. గోదురు కప్ప తన గుడ్లను పొడవాటి జిగురు దారాల్లో నాచుకు, కాడలకు చుట్టి వదులుతుంది. అయితే జిగురు ఉంటే పురుగు కాదని సూత్రం చేసుకోకూడదు. దీపాల చుట్టూ ముసిరే, కుట్టని దోమలాంటి ఈగ కూడా జిగురు తాడులోనే గుడ్లు పెడుతుంది. జిగురు చూసి మొదటి అంచనా వేయవచ్చు, తీర్పు చెప్పడానికి అది చాలదు.

నత్త గుడ్లని తేలితే పక్కన పెట్టేయవచ్చని అనుకోకూడదు. కొన్ని నీటి నత్తల్లోనే కార్జపు జలగ పిల్ల దశలు పెరుగుతాయి. ఆ తర్వాత అవి ఒడ్డున గడ్డికి అంటుకుని, మేసిన గొర్రెల్లోకీ గేదెల్లోకీ చేరతాయి. కాబట్టి తామరాకు అడుగున కనిపించిన జిగురు ముద్ద రైతుకు ఏమీ చెప్పకపోవచ్చు కానీ, ఆ ఒడ్డున మందను మేపే గొల్ల కాపరికి ఎంతో చెబుతుంది. గుర్తుపట్టడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు చూసేవాడి పనిని బట్టి మారుతుంది.

కప్పు సంగతి ఇంకా సున్నితమైనది. మొగి పురుగు గుడ్ల మీద ఉండేది నూగు, సన్నటి వెంట్రుకల చాప. పొగాకు లద్దె పురుగు కూడా వందల గుడ్లను ఆకు అడుగున పెట్టి నూగుతో కప్పుతుంది. ఆముదం, వేరుశనగ మీదే కాదు, తామరాకుల మీదా చేమాకుల మీదా అది కనిపిస్తుంది. వరి ఆకు మీద తెల్లగా దూదిలా కనిపించే మరో సంచి మాత్రం సాలీడుది. దాన్ని సూది మొనతో కొంచెం లాగితే దారం సాగుతుంది. నూగైతే పొడిలా రాలుతుంది. ఈ చిన్న పరీక్షకు అర నిమిషం పట్టదు. అది చేయనివాడు పొలాన్ని కాపాడే సాలీడు సంతానాన్ని తన చేత్తోనే నలిపేస్తాడు. దోమల్లోనూ పొందికే చెబుతుంది. క్యూలెక్స్ దోమ 100 నుంచి 300 గుడ్లను నిలువునా పేర్చి బియ్యపు గింజంత తెప్పగా నీటి మీద వదులుతుంది. అనాఫిలిస్ గుడ్లు విడివిడిగా తేలుతాయి. డెంగీ మోసే ఏడిస్ అసలు నీటి మీదే పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన తొట్టి గోడ తడి మీద అతికిస్తుంది, అవి నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. తొట్టి ఖాళీ చేస్తే చాలదు, గోడలను పీచుతో రుద్దాలని చెప్పడానికి కారణం ఇదే.

రంగు చేసే మోసం

ఎక్కువమంది మొదట చూసేది రంగును, అన్నిటికన్నా తక్కువగా నమ్మాల్సిందీ రంగునే. నలుపును తీసుకోండి. జోరీగ గుడ్లు పెట్టిన కొత్తలో తెల్లగా ఉండి తర్వాత నల్లబడతాయి, అది ఆ జాతి లక్షణం. మొగి పురుగు గుడ్లు పొదిగే సమయం దగ్గరపడితే లోపలి పిల్ల తల కనిపించి ముదురు రంగుకు తిరుగుతాయి, అది ప్రమాద సూచన. ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగ జాతి పురుగు మరో పురుగు గుడ్డులో తన గుడ్డు పెడితే ఆ గుడ్డు కూడా నల్లబడుతుంది. లోపల పెరుగుతున్నది పైరును తినే పురుగు కాదు, దాన్ని చంపిన పురుగు. అంటే ఒకే నలుపుకు మూడు అర్థాలు: ఒకచోట జాతి, ఒకచోట వయసు, ఒకచోట మరణం. నల్లగా ఉందని చెప్పి ఊరుకున్నవాడు ఈ మూడింటిలో దేని గురించీ చెప్పనట్టే.

కాబట్టి రంగును ఒక్కసారి చూడడం కాదు, రోజూ చూడాలి. నిన్న ఎలా ఉంది, ఈ రోజు ఎలా మారింది అన్నది సాక్ష్యం. అన్ని సాక్ష్యాలకూ పైమాట మాత్రం గుడ్డులోంచి బయటికి వచ్చేదే. గుడ్ల గుంపు ఉన్న ఆకు ముక్కను తుంచి, మొదలుకు తడి దూది చుట్టి, గాజు సీసాలో వేసి, మూతికి పలుచని బట్ట కట్టి నీడలో పెట్టండి. మొగి పురుగు గుడ్లైతే వారానికి అటూ ఇటూగా తేలిపోతుంది. సన్నని పిల్ల పురుగులు పాకుతూ కనిపించవచ్చు, ఆవగింజలో సగమైనా లేని కందిరీగలు బట్టకు ఎగిరి తగులుతూ కనిపించవచ్చు. నాలుగు సీసాల్లో మూడింటి నుంచి కందిరీగలే వస్తే మీ పొలంలో ప్రకృతి తన పని తాను చేస్తోందని అర్థం. రైతు క్షేత్ర పాఠశాలల్లో, మన దగ్గర పొలంబడి అని పిలిచిన తరగతుల్లో, పురుగులను ఇలా సీసాల్లో కుండీల్లో పెంచి ఏది దేన్ని తింటుందో రైతులే చూసి తేల్చుకునే పద్ధతి ఉంది. ఎవరో చెప్పింది నమ్మినదానికన్నా కళ్లతో చూసింది గట్టిగా నిలుస్తుంది.

మూడు అభ్యంతరాలు

వారం రోజులు సీసా ముందు కూర్చుంటే ఈలోగా పొలం పోదా అన్నది మొదటి అభ్యంతరం. ఇది బరువైన ప్రశ్న. ఆపుకోవాల్సింది తీర్పును గానీ పనిని కాదు. సీసాలో నమూనా ఉండగానే మడిలో లెక్క సాగాలి. చదరపు మీటరుకు ఒక ఆడ రెక్కల పురుగు గానీ ఒక గుడ్ల సముదాయం గానీ కనిపిస్తే మొగి పురుగు మీద చర్య తీసుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు హద్దు పెట్టారు. ఆ హద్దు దాటితే వారం ఆగమని ఎవరూ అనరు. దాటకపోతే తొందరపడే అవసరం లేదు. పైగా నూగు కప్పు కింద ఉన్న గుడ్లకు పిచికారీ సరిగా తగలదు. మందు పనిచేయాల్సింది పిల్ల పురుగు బయటికి వచ్చి కాండంలో దూరే లోపు. గుడ్డు వయసు తెలియకుండా కొట్టిన మందు తరచూ రెండు రోజులు ముందో నాలుగు రోజులు వెనకో పడుతుంది. గుడ్డును గుర్తుపట్టిన రైతుకు సరైన రోజు కూడా తెలుస్తుంది. ఈలోగా చేత్తో చేయగల పనులూ ఉన్నాయి. లద్దె పురుగు గుడ్లున్న ఆకులను, పిల్ల పురుగులు గుంపుగా గోకిన జల్లెడాకులను ఏరి నాశనం చేయడానికి ఏ రోజైనా మంచి రోజే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిగా వినిపిస్తుంది: ఏదైతేనేం, కనిపించిన గుడ్లన్నీ చంపేస్తే పీడ వదులుతుంది కదా. దీనికి జవాబు ఇండోనేషియా అనుభవం. అక్కడ వరిలో విచ్చలవిడిగా మందులు కొట్టిన ఏళ్లలోనే సుడిదోమ విరుచుకుపడింది. కారణం గుడ్డు పెట్టే చోటులోనే ఉంది. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడిమ లోపల దాచుతుంది, పిచికారీ వాటిని అందుకోలేదు. ఆ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లి, పుట్టిన పిల్లలను పట్టే సాలీడు మాత్రం బయట తిరుగుతూ మందుకు చనిపోయాయి. పది రోజుల్లో గుడ్లు పగిలేసరికి కాపలాదారు లేని పొలం వాటికి దొరికింది. చివరికి 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించి, రైతులకు పురుగులను గుర్తించడం నేర్పే బాట పట్టింది. వరి ఉత్పత్తి కుప్పకూలలేదు, తర్వాతి ఏళ్లలో పెరిగింది. మన ఆయకట్టులో దోమపోటు తిన్న రైతులకు ఈ కథ పరాయిది కాదు. అన్నిటినీ చంపుదామనుకునేవాడు చంపగలిగేది పైకి కనిపించేవాటిని మాత్రమే, పైకి కనిపించేవాటిలో చాలా భాగం మన కాపలాదార్లే.

అయితే ఈ జవాబును ఇంటి వాకిట్లోకి అలాగే తేకూడదు. డ్రమ్ములో, కూలర్‌లో, పాత టైరులో కనిపించే దోమ గుడ్లను సీసాలో పెట్టి వారం చూడనక్కర్లేదు. అక్కడి నీరు పారబోస్తే నష్టం ఏమీ లేదు, ఉంచితే డెంగీ రావచ్చు. శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే, వారానికోసారి నీరు మారితే గుడ్డు దోమ అయ్యేంత గడువు దొరకదు. చెరువులో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ చేపలున్నాయి, తూనీగ పిల్లలున్నాయి, నీటి నల్లులున్నాయి. ఒకసారి విషం కలిపితే తిరిగి తీయలేం. కాబట్టి సూత్రం ఇది: వెనక్కి తీసుకోగల పనికి కొద్దిపాటి సాక్ష్యం చాలు, వెనక్కి తీసుకోలేని పనికి ఎక్కువ సాక్ష్యం కావాలి. తీర్పు ఆపుకోవడమంటే అన్నిచోట్లా ఒకేలా ఆలస్యం చేయడం కాదు, పొరపాటు ఖరీదును బట్టి ఎంత ఆగాలో నిర్ణయించుకోవడం.

మూడో అభ్యంతరం వినయంగా వస్తుంది: ఇదంతా శాస్త్రవేత్తల పని, మాకెలా చేతనవుతుంది? రాస్ ఉదాహరణ దీనికి సగం జవాబు. మీ నుంచి ఎవరూ లాటిన్ పేరు అడగడం లేదు. చోటు, పొందిక, కప్పు, రంగులో మార్పు, చుట్టూ ఉన్న తిండి, ఈ ఐదింటినీ చూసి చెప్పగలిగితే మిగతా సగం చెప్పేవారు దగ్గర్లోనే ఉన్నారు. త్రిపురారం మండలంలోని కంపాసాగర్‌లోనే వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి అందుబాటులో ఉంటారు. వాళ్ల దగ్గరికి ఆకులో ఏదో పురుగు ఉందని వెళ్తే వచ్చే సలహా వేరు, ఆకు కొసన నూగు కప్పిన గుడ్లు, మూడు రోజుల్లో ముదురు రంగుకు తిరిగాయని చెబితే వచ్చే సలహా వేరు. ఫోను ఫొటో కూడా పనికొస్తుంది గానీ, ఫొటోలో చోటూ రోజుల మార్పూ పడవు. వాటిని మీరే చేర్చాలి. నిపుణుడి జ్ఞానం మీ చూపు నాణ్యత మీద ఆధారపడుతుంది.

పొలం నుంచి ఇంటికి

పురుగులకు పనికొచ్చిన పద్ధతి మనుషులకు ఎలా వర్తిస్తుందన్న సందేహం న్యాయమైనదే. మనిషిని సీసాలో పెట్టి చూడలేం, పెట్టకూడదు కూడా. పొలం నుంచి ఇంటికి తెచ్చుకోవాల్సింది పురుగు గురించిన జ్ఞానం కాదు, చూసే మన అలవాటు. ఒక పరీక్షలో మార్కులు తగ్గిన పిల్లవాడికి మొద్దు అని పేరు పెట్టేస్తాం. కొత్తగా ఇంటికి వచ్చిన కోడలు రెండు రోజులు మౌనంగా ఉంటే పొగరని రంగు పూస్తాం. పేరు, రంగు, ఈ రెండింటి మీదే తీర్పు నిలబెడతాం. గుడ్ల దగ్గర తక్కువగా నమ్మాల్సినవి ఈ రెండే అని చూశాం. పిల్లవాడు ఎక్కడ కూర్చుని చదువుతున్నాడు, నిన్నటికీ ఈ రోజుకూ ఏం మారింది, కోడలి మౌనం చుట్టూ ఇంకా ఏమున్నాయి అని అడిగే ఓపిక ఆకు తిప్పి చూసే ఓపిక లాంటిదే. నోటి నుంచి వెళ్లిన మాట చెరువులో కలిసిన విషంలా తిరిగి తీయలేనిది కాబట్టి, అక్కడ ఎక్కువ సాక్ష్యం అడగడం మన బాధ్యత.

ఈ వారం సాధన

ఒక నోటుబుక్కు, మూడు గాజు సీసాలు, పాత నూలు బట్ట సిద్ధం చేసుకోండి. ఉదయం పూట పొలం గట్టునో చెరువు ఒడ్డునో నడుస్తూ మూడు వేర్వేరు మొక్కల మీద గుడ్ల గుంపులు వెతకండి. ఆకు పైభాగం చూసి ఆగకుండా అడుగు భాగం తిప్పండి, కాడను వేలితో తడమండి, నీటి మట్టానికి పైనా కిందా చూడండి. తుంచే ముందే ఐదు సంగతులు రాయండి: ఏ మొక్క, ఏ చోట, ఎలా పేర్చి ఉన్నాయి, కప్పేమిటి, చుట్టూ ఏం తిరుగుతున్నాయి. జిగురు ముద్దలైతే అదే చెరువు నీటిలో, మిగతావైతే తడి దూదితో సీసాల్లో పెట్టండి. తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన పని, మీ ఊహను సిరాతో రాయడం: ఇది ఫలానాది అనుకుంటున్నాను, ఎందుకంటే ఫలానా కారణం. పెన్సిలుతో రాస్తే తర్వాత చెరిపే ఆశ పుడుతుంది. రోజూ ఒకే సమయానికి చూసి రంగును ఒక్క వాక్యంలో నమోదు చేయండి. వచ్చినవి దోమలో మొగి పురుగులో అయితే మూత తీసేముందే చంపేయండి, కందిరీగలో తూనీగ పిల్లలో అయితే తెచ్చిన చోటే వదలండి.

ఎనిమిదో రోజు మొదటి రోజు రాసిన వాక్యం పక్కన బయటికి వచ్చినదాన్ని రాయండి. మూడింటిలో రెండు తప్పైతే నిరుత్సాహపడకండి. ఏ కారణం మిమ్మల్ని తప్పుదారి పట్టించిందో దాని కింద గీత గీయండి. చాలామంది పుస్తకాల్లో ఆ గీత రంగు కిందో పేరు కిందో పడుతుంది. వానాకాలంలో నాలుగు వారాలు, యాసంగిలో నాలుగు వారాలు ఇలా రాస్తే ఎనిమిది పేజీలు తయారవుతాయి. ఆ పేజీలను రైతు వేదికకు తీసుకెళ్లి పక్క రైతు పేజీలతో కలిపి చదవండి. ఒకరి సీసాలో కందిరీగ, ఒకరి సీసాలో మొగి పురుగు వచ్చిన రోజున, ఈసారి మందు ఎవరి మడికి కావాలో, ఎవరి మడికి వద్దో ఊరే కూర్చుని తేల్చుకోగలదు.